కుక్క మొరగడం ఆపేసింది

తొమ్మిదో తరగతి. ఎనిమిదో పాఠం.
సాహిత్య ప్రక్రియలు.
బోర్డు మీద గళ్లు గీశాను.
కథ, నవల, నాటకం, లేఖ, కవిత.
పరీక్షలో నాలుగు మార్కులు అని
అలవాటుకొద్దీ అన్నాను.
కిటికీ అవతల పలమనేరు మండీకి
టమోటాల లారీ గేరు మార్చుకుంటూ పోయింది.

మూడో వరసలో కావేరి లేచింది.
"రేత్రి మా కయ్యలోకి ఏనుగులొచ్చినాయి టీచర్.
అది ఏ గడిలోకి వస్తాది?"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వబోయి
ఆ పిల్ల చెప్పులకంటిన రాగిచేని బురద చూసి
చెప్పు, అన్నాను.

"పదకొండు గంటలకి మా కుక్క మొరగడం ఆపేసింది."

అంతే, అక్కడ మొదలుపెట్టింది.
ఊరి పేరు లేదు, ఎకరాల లెక్క లేదు,
అనగనగా లేదు.
కథకి గుమ్మం ఎక్కడ పెట్టాలో
దీనికి ఎవరు చెప్పారు?
ఇరవై రెండేళ్లుగా చెబుతున్న నాకు
ఆ కుక్క మౌనం వీపు మీద పాకింది.

హేమాద్రి ఊరుకుంటాడా!
టిఫిన్ మూత తీసుకుని ముందుకొచ్చి
కావేరి తాతలాగా నడుం వంచి
టంగుటంగున కొట్టాడు.
"పోయిరా సామీ! పిల్లోళ్లుండారు సామీ!"
ఒక చేత్తో తరుముతూ ఒక చేత్తో దండం పెడుతూ.
ఇంతియాజ్ చెయ్యి ముక్కుకి ఆనించి
నా కుర్చీ దాకా ఊగుతూ వచ్చాడు.
అప్పుడు తాత ఇట్లా అన్నాడు, అని చెప్పేవాళ్లే లేరు.
తాతే వచ్చి నిలబడ్డాడు.
భారతం మిట్ట మీద పద్దెనిమిది రోజులు
దుర్యోధనుడు పడేదాకా మేలుకునే పిల్లలు.
వీళ్లకా నేను నాటకం చెప్పేది?

మరి నవలేది టీచర్, అన్నారెవరో.
ఏం చెప్పను.
కౌండిన్య అడవి ఎవరిదో,
ఆ కయ్యకి పట్టా ఏ ఏడు వచ్చిందో,
మూడు బోర్లు ఎట్లా ఎండాయో,
మేనత్త హోసూరు కంపెనీకి ఎందుకు పోయిందో,
గుంపులో ముసలి ఏనుగుకి
తన తల్లి నడిచిన దారి, కంచె పడ్డాక కూడా,
ఎట్లా గుర్తుందో.
ఇదంతా కావాలి. పీరియడ్ చాలదు.

గంట కొట్టారు.

కావేరి ఒక కాగితం తెచ్చింది.
"నాయన మిమ్మల్ని దిద్దమన్నాడు."
గౌరవనీయులైన అటవీ అధికారి గారికి,
పలమనేరు మండలం దొరసామి వ్రాయునది.
అర ఎకరా రాగి. ఇరవై నాలుగు అరటి.
డ్రిప్పు పైపులు, రెండు చుట్టలు.
నమస్కారాలకి ముందు, ఇంకో వాక్యం:
"చిన్న ఏనుగు మా నీళ్ల తొట్టిలో కాలు పెట్టి
తీసుకోలేక ఏడిస్తే, మా నాయన
లైటు ఆర్పేసినాడు."

ఎర్ర పెన్ను అక్కడ ఆగిపోయింది.

ఎందుకు ఆర్పాడు? భయమా, జాలా,
దానికి సిగ్గేస్తుందనా?
అడగలేదు. అడిగితే వ్యాసమైపోతుంది.

అయినా ఉద్యోగం ఉద్యోగమే.
ఈ మాట తీసేసి ఇంకో ప్రతి రాయమ్మా,
నష్టపరిహారం ఫారంలో దీనికి గడి లేదు, అన్నాను.
కావేరి బోర్డు వైపు చూసింది.
చివరి గడి ఇంకా ఖాళీగానే ఉంది.
ఏమీ అనలేదు.
పాత కాగితం మడిచి నా బల్ల మీద పెట్టి
కొత్తది రాసుకుని పోయింది.

డబ్బు ఇంకా రాలేదట.
ఆ కాగితం నా హాజరుపట్టీలోనే ఉంది.
రోజూ పేర్లు పిలిచేటప్పుడు
వేలికి తగులుతుంది.

మాది ఊరి మధ్య, బస్టాండు వెనక సందు.
ఇక్కడికి ఏనుగు ఏనాడూ రాలేదు.
నిన్న రాత్రి పదకొండింటికి
మా వీధి కుక్క మొరగడం ఆపేసింది.

లేచి కూర్చున్నాను.
లైటు వెయ్యలేదు.