వెనక్కి జరిగిన సీటు

ఐదో అంతస్తు ఇంట్లో ఏడవడానికి చోటు లేదు.
రెండు గదులు, ముగ్గురు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు,
గనిలో రాత్రి షిఫ్టు చేసొచ్చి
పగలు గోడవైపు తిరిగి పడుకునే ఎర్బొలాత్.

అందుకే గురువారం గురువారం
చెత్త పారేసి వస్తానని చెప్పి
సౌలే దుప్పటి చంకన పెట్టుకుని కారులో కూర్చుంటుంది.
సున్నాకి ఇరవై రెండు డిగ్రీల కింద కరగండ.
స్టీరింగుకి ఆనించిన ఫోనులో
అల్మాటీ నుంచి ఒకావిడ, ఆవిడ వెనక ఎండ.
"నిద్ర పడుతోందా?"
మాట తెగి, మళ్ళీ అతుక్కుంటుంది.
పెద్దాడి బూట్ల జిప్పు ఊడిన సంగతి చెబుతుంది సౌలే.
అసలుది
నలభయ్యో నిమిషానికి గానీ గొంతు దాటదు.
ఆలోగా ఊపిరికి అద్దాలన్నీ మసకబారి
ఆ ఇంటికి మూడో గది ఏర్పడుతుంది.

ఈ గురువారం తలుపు తీస్తే
సీటు వెనక్కి జరిపి ఉంది,
పొడుగు కాళ్ళకి సరిపడా.
తాళం తిప్పి చూసింది. కిలోమీటర్లు కదల్లేదు.
అద్దం లోపలివైపు, గడ్డకట్టిన ఆవిరిలో
బొగ్గు అంటిన బొటనవేలి ముద్ర.

సీటు ముందుకి లాక్కోలేదు.
పెడళ్ళకి అందని కాళ్ళతో
చిన్నపిల్లలా కూర్చుని
ఫోను మోగుతుంటే కాసేపు మోగనిచ్చింది.

దిగేటప్పుడు
దుప్పటి పైకి తీసుకుపోలేదు.