ఉతుకుల పద్దు

శనివారం వాళ్ళు మా కుర్రాళ్ళని ఉతికి ఆరేసేవాళ్ళు.
ఆదివారం చర్చి నుంచి వచ్చాక
నేను ఉతికి ఆరేసేదాన్ని.

పంతొమ్మిది వందల యాభై. దక్షిణ డకోటా.
నూట నలభైమంది చదువుకునే హాల్వర్ కాలేజీ,
మీగడ రంగు మీద ఆకుపచ్చ అంకెలున్న ఇరవైమూడు చొక్కాలు,
నేలమాళిగలో మూలిగే పాత వాషింగ్ మెషిన్,
కోచ్ గారి భార్యను కనక జీతం లేని నేను.

ఆట నాకు ఎప్పటికీ తలకెక్కలేదు.
కోలగా ఉన్న ఆ తోలుబంతి కోసం
పదకొండుమంది మీద పదకొండుమంది ఎందుకు పడతారో
సీవర్ట్ అన్నం బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా పెట్టి
ఎన్నోసార్లు చెప్పాడు.
నాకు తెలిసింది మట్టి.

వెల్బీ మట్టి నల్లరేగడి, రాత్రంతా చన్నీళ్ళలో నానాలి.
(ముప్పైమూడు, సున్నా. సున్నా మాది.)
క్రోఫట్‌లో మైదానం నిండా పల్లేరుకాయలు,
కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే ఏరాను.
టాండీ ఫాల్స్‌లో గీతలకి సున్నం మరీ ఎక్కువ పోస్తారు,
ఆ వారం నా వేళ్ళు పగిలాయి.
లెస్టర్ ఆమ్‌డాల్ ముక్కు ఏ ఊళ్ళో అయినా ఎడమ భుజం మీదే కారేది.
రక్తానికి ఉప్పునీళ్ళు. వేణ్ణీళ్ళు తగలకూడదు.

ఓటమికి విడిగా మరకంటూ లేదు.
ఉంటే సీవర్ట్ చొక్కాల మీద కనపడేది.

అక్టోబరు రెండో వారం, ముప్పై ఒకటో నంబరు.
మోచేతి దగ్గర అతుకు నాదే.
కుట్టు నాది కాదు.
నల్లదారం, మగపిల్లాడి కుట్టు, పెద్దపెద్ద అంగలు.
చూసేసరికే ఆలస్యమైంది, మర తిరిగేసింది.
విప్పితే ఎనిమిది మడతల కాగితం.
టైపు చేసిన అక్షరాలు నిలిచాయి:
సెల్మర్ క్వాలే, డిసెంబర్ నాలుగు, ఉదయం ఏడింటికి హాజరు.
కింద ఎవరో పెద్దమనిషి సంతకం మాత్రం కరిగి
చొక్కాలోకి నీలంగా దిగింది.

పొయ్యి తలుపు మీద ఆరబెట్టాను.
పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను.
మళ్ళీ ఎనిమిది మడతలు పెట్టి, అదే అతుకులో,
అదే నల్లదారంతో,
అతని అంగలంత పెద్ద అంగలే వేసి కుట్టాను.
సీవర్ట్‌కి చెప్పలేదు.
పెళ్ళయ్యాక అతనికి చెప్పని మొదటి సంగతి అదే.

ఆ రాత్రి కూడా అతను బల్ల మీద ఉప్పు డబ్బాని తిట్టాడు:
"ఈ క్వాలే మనసు ఆట మీద లేదు, ఆల్మా."
నేను బంగాళాదుంపలు వడ్డించాను.

ఇంకా మూడు ఓటములు. జట్టులో ఇద్దరికి గవదబిళ్ళలు,
ఒకడు మొక్కజొన్న కోతకి ఇంటికెళ్ళి తిరిగి రాలేదు.
ఆఖరి ఆటకి మాకు పదిహేడుమంది.
బస్సు దిగిన వాళ్ళని లెక్కపెడితే పద్నాలుగు.
పొద్దుటి నుంచీ మంచు.
గీతలు కనపడక రిఫరీ కాలితో గీసుకున్నాడట.
సున్నాకి సున్నా.
ఎనిమిది ఆటల్లో ఓడనిది అదొక్కటే.
కుర్రాళ్ళు సీవర్ట్‌ని భుజాల మీద మోశారట, గెలిచినట్టు.

మంచు ఆటకి మట్టి ఉండదు.
ఉత్త తడి చొక్కాలు. నాకు పనే లేదు.

ఆదివారం నేలమాళిగ మెట్లు దిగి
మొదటిసారి ఒక ఆటగాడు వచ్చాడు.
ముప్పై ఒకటో చొక్కా, చేతులు లోపలికి మడిచి, చక్కగా.
అతుకు విప్పేసి ఉంది.
కాసేపు పైపుల వంక చూశాడు.
"ఇస్త్రీ బాగా చేశారండీ" అన్నాడు.
పాకెట్లు లేని ఆ చొక్కాల్ని
నేనెప్పుడూ ఇస్త్రీ చెయ్యనని
ఇద్దరికీ తెలుసు.

సిరా మరకకి నిమ్మకాయ, ఉప్పు, ఒక పూట ఎండ.
చెయ్యలేదు.
మరుసటి సెప్టెంబర్లో అది తొడుక్కున్న కొత్త పిల్లాడు,
చెవులు పెద్దవి, పేరు ఆర్డెన్,
మోచెయ్యి తిప్పి చూపించి అడిగాడు:
"ఇది ఏ ఊరి మరకండీ?"

మా మట్టి కథలు ఎవరో చెప్పినట్టున్నారు.

ఆ ఊరి పేరు
నాకు పలకడం రాదన్నాను.