రేవు లెక్క

కూర్చోండి. ఆ చెక్క తడండి, ఇటు రండి.
ఏ ఏడు ఎవరు గెలిచారో, ఎన్ని ఓట్ల తేడానో
మీ పుస్తకంలో ఉందన్నారు.
నా దగ్గరున్నది వేరే లెక్క.
పెట్టె ఎక్కించినప్పుడు నీళ్లెంతున్నాయో,
దించినప్పుడు ఎక్కడ బురద తగిలిందో.

మొదటిసారి పడవేసింది మా తాత, సంగాడి ధర్మయ్య.
గుర్తుకో పెట్టె అప్పుడు. ఇనప పెట్టెలు
వైనతేయ మధ్యలో ఒకదాన్నొకటి గుద్దుకుని
ఖాళీగా మోగేవట.
సీటుకి ఇద్దరు మెంబర్లండి, మనిషికి రెండు ఓట్లు.
"ఒకటి మాకు, ఒకటి పేటకి" అన్నాడంట కామందు
తవుడు పంచినట్టు.
పడవలో ఎవరు ఏ కొసన కూర్చోవాలో
తాతకి పుట్టుకతో తెలుసు.
ఆ సాయంత్రం తిరుగు పడవలో
బొంతు యేసోబు నడిమి చెక్క మీద కూర్చున్నాడు,
సిరా వేలు తడవకుండా పైకెత్తి.
ఎవరూ లెమ్మనలేదు.
మర్నాడు అన్నారనుకోండి.

మా నాన్న తెడ్డు పట్టేసరికి మెంబరు ఒక్కడే.
సీటు పేటదైంది.
లంక పొలం కామందుదే.
తెల్ల కాయితం ఢిల్లీకి, గులాబీది హైదరాబాదుకి.
గులాబీది నాలుగుసార్లు చూసుకుని మడిచేవారు మావాళ్లు,
తెల్లది మాత్రం
దూరపు చుట్టం పెళ్లిలో చదివింపులా
వేసేసి వచ్చేసేవారు.

ఢిల్లీ మెంబరు ఒకాయన ఎక్కాడండి నా పడవ,
పెద్ద వరద తీసిన నెలకి.
పంచె ఎగ్గట్టి, రెండు చేతులా చెక్క పట్టుకుని
"లోతెంతోయ్?" అన్నాడు.
"తమరి మెజారిటీ అంత లేదులెండి" అన్నాను.
నవ్వాడు.
ఒడ్డెక్కి వంతెన ఇచ్చేశాడు.

రాయి వేశారు. తరవాతాయన వచ్చి ఇంకో రాయి.
కొబ్బరిచెట్లన్నీ పడుకున్న ఆ తుపానేడు మొదలు
మూడున్నరేళ్లలో మూడుసార్లు ఓటు,
గోటి మీద పాత సిరా దిగకముందే కొత్త సిరా.
మూడో రాయి అప్పటిదే. పాలరాయి, బంగారు అక్షరాలు.
మొదటిదాన్ని గోదారి పట్టుకుపోయింది.
రెండోదాని మీద బట్టలుతుకుతారు.
మూడోదానికి, అదిగో, నా పడవ తాడు.
అక్షరాలు గరుకు కదండీ,
ముడి జారదు.

వంతెనొస్తే నాకు కూడు లేదు. తెలుసు.
అయినా ప్రతిసారీ వంతెనన్నవాడికే వేశాను.
మా ఆవిడ నొప్పులు పడ్డ రాత్రి
పోటు తీసేదాకా ఈ ఒడ్డునే,
సరే, అది వదిలెయ్యండి.

నేను తెడ్డు పట్టిన ఏడు
నల్లేరులంకలో ఆరువందల పన్నెండు ఓట్లు.
బడిగదిలో పోలింగు.
బడి ఏట్లోకి జారాక చర్చి అరుగు మీద,
అరుగు జారాక టార్పాలిన్ కింద.
కిందటిసారికి ఆ టార్పాలిన్ కూడా ఈ ఒడ్డుకొచ్చేసింది.
ఇప్పుడు మిషన్లండి. పక్కన అద్దంలో
కాయితం ఏడు సెకన్లు కనపడి పడిపోద్ది,
అచ్చం లంక ఒడ్డు పెళ్ల విరిగినట్టు.
ఏడు సెకన్లు కూడా పట్టదు దానికి.
తొంభై ఒక్క ఓట్లు మిగిలాయి.
వాటిలో సగం పైగా ఇళ్లు జాబితాలోనే ఉన్నాయి,
నేల మీద లేవు.

ఈతకోట మరిదమ్మకి ఈ ఒడ్డునే కాలనీలో ఇల్లిచ్చారు.
ఓటేసొచ్చి, పడవెక్కించమంది.
"అవతల ఎవరున్నారే అత్తా?" అన్నాను.
పలకలేదు.
చేతిలో స్లిప్పు. ఇంటి నంబరు ఒకటి బై ఇరవయ్యేడు.
నడి ఏట్లో "ఆపు" అంది.
తెడ్డెత్తాను.
సిరా చెయ్యి ఒళ్లో పెట్టుకుని
రెండోది నీళ్లలో ముంచింది మోచేతిదాకా.
"గుమ్మం ఇక్కడే" అంది.
కాసేపు అలాగే ఉండి,
"వంటిల్లు ఇంకొంచెం అటు."

ఈసారి ఎవరొస్తారంటారా?
పోటు పదకొండున్నరకి వస్తుందండి.
లంక చూస్తానంటే ఆ లోపే వెళ్లాలి, లేవండి.
పుస్తకం సంచీలో పెట్టుకోండి,
తడుస్తుంది.