ఎలుగు

నానక్‌రాంగూడలో పద్నాలుగో అంతస్తు.
రోజుకి నలభైసార్లు ఆ మాట అంటాను,
నా చెవికే వినపడనంతగా.
డాలరు జారితే హెడ్జ్, చమురు ఎగిరితే హెడ్జ్,
బ్రెజిల్‌లో వాన పడకపోతే కాఫీకి హెడ్జ్.
పడబోయే చోట ముందే పరుపు వేసి ఉంచడమని
అమ్మకి ఫోన్లో చెప్పాను ఒకసారి.
"పడకుండా నడవొచ్చుగా" అంది.

నేను రాసే వాక్యాలదీ అదే పేరు:
పెరగవచ్చు. తగ్గే అవకాశం లేకపోలేదు.
ఇప్పటికున్న సమాచారం మేరకు.
ఒకసారి పొరపాటున "తప్పకుండా" అని రాస్తే
మేనేజరు దాని చుట్టూ ఎర్రగా గీసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.
పోయినేడు మా హెడ్జే మా లాభాన్ని తినేసింది.
మీటింగులో నాకు కంచె, చేను గుర్తొచ్చాయి.
అనలేదు.

మార్చిలో రఘూత్తమ్ అడిగాడు,
బొటానికల్ గార్డెన్ గేటు పక్కన,
చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు.
"నాతో ఉంటావా?"
"ఉంటానేమో" అన్నాను,
"ఇప్పటికున్న సమాచారం మేరకు."
ముందు నవ్వాడు.
తర్వాత గింజలన్నీ అయిపోయేదాకా
పొత్తువైపే చూశాడు.

మొన్న మంగళవారం ఫైర్ డ్రిల్.
పద్నాలుగు అంతస్తులూ మెట్లు దిగి
గేటు పక్క గోరింట వరస దగ్గర నిలబడ్డాం,
మెడలో బిళ్ళలతో, తప్పిపోయిన పిల్లల్లా.
"జరుగు బిడ్డా, ఎలుగు కత్తిరియ్యాలె"
అంది మొగులమ్మ, పెద్ద కత్తెర ఆడిస్తూనే.
ఎలుగుబంటి గుర్తొచ్చి
నిజంగానే ఒక అడుగు జరిగాను.

"ఎలుగేంటి?"
"గిదే. మీ సార్లు హెడ్జి అంటరు.
సర్వర్ భాయ్ బాడ్ అంటడు.
మా నారాయణ్‌ఖేడ్ దిక్కు ఎలుగే."

మాది రేపల్లె. మాకిది దడి,
తాటాకుతో కట్టేది,
తొలకరికి ముందు విప్పి మళ్ళీ కట్టేది.
కంచె అంటే మాకు అడ్డం.
ఇక్కడేమో కంచ అంటే పశువులు మేసే బీడట.
గచ్చిబౌలి పేరు ముందు ఆ మాట చూసి
రెండేళ్ళపాటు నేను
ఎవరో ఎవరినో ఆపుతున్నారనే అనుకున్నాను.

పైకెళ్ళి, స్క్రీన్ మీద యెన్ కూలుతుంటే,
నిఘంటువు తెరిచాను.
వెలుగు: కాంతి.
ఇంకొంచెం కిందికి దిగితే
వెలుగు: ముళ్ళకంచె.
కాసేపు రెండింటి మధ్యా కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని
ఆమె దగ్గరికే వెళ్ళాను.
"రోజూ కొడితే పాపం, ఎదగదు కదా?"
"కొడితెనే చిక్కగైతది. సందు ఉండదు,
కుక్క గూడ దూరది.
ఇడిసిపెడితే చెట్టైతది, పూస్తది.
గోరింట పువ్వు వాసన చూసినవా ఎన్నడన్న?"
"చూసే ఉంటాను" అన్నాను.
నా మొహం చూసి
"చూడలే నువ్వు" అంది.

ఆకు రాల్చిన చేతులు,
వేళ్ళ సందుల్లో ఏళ్ళనాటి ఎరుపు.
కత్తెర నేలన పెట్టి, గొంతు తగ్గించి:
"ట్రాన్స్‌ఫార్మర్ ఎన్క ఒక్కదాన్ని ఇడిసిన.
సర్వర్ భాయ్ అటు రాడు."

రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాను.
అపాయం అని రాసిన పుర్రె బొమ్మ దాటి,
విరిగిన కుర్చీలు దాటి.
నా కంటే ఎత్తుగా ఉంది,
వంకరగా, ఏ వరసకీ చెందకుండా.
మసక తెలుపు గుత్తులు.
ఆ వాసనకి నా దగ్గర పోలిక లేదు.
డీజిల్ జనరేటర్ పక్కన కూడా
అది అదే.

ఫోన్ చేశాను.
"ఎక్కడున్నావ్?" అన్నాడు రఘూత్తమ్,
ఏప్రిల్ అంతా దాచుకున్న గొంతుతో.
"ఎలుగు దగ్గర."
"ఏ వెలుగు? అటు కరెంటు పోయిందా?"
"లేదు. రా" అన్నాను.
రాగలవా అనలేదు.