సొల్లు

మా ఇంట్లో ఆ మాటకి అర్థం ‘చెప్పు’.
బళ్ళో ఆ మాటకి అర్థం ‘నోర్ముయ్’.
రెంటికీ మధ్య గిరింపేట సందు,
ఒక బెల్లం మండీ, రెండు ఫర్లాంగులు.

అమ్మ గుడియాత్తం మనిషి.
పొద్దున్నే నా జడ లాగి అల్లతా
"సొల్లు, సొల్లుడీ" అనేది.
రాత్రి నిద్దట్లో ఎందుకు ఏడ్సినావో,
పలక యాడ పారేసినావో, సొల్లు.
ఆ మాట వింటే నా నోరు
దానంతటదే తెరుచుకునేది.

మూడో తరగతిలో వరదయ్య సారు
బల్ల మీద బెత్తం కొట్టి
"ఎవురే ఆడ, సొల్లు?" అన్నాడు.
నన్నే చెప్పమంటా ఉండాడనుకున్నా.
లేచి నిలబడి చెప్పినా:
మా నాయన మండీలో లెక్కరాస్తాడని,
మా తెల్లపిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందని,
ఒకదానికి కండ్లు ఇంకా తెరుచుకోలేదని.
తరగతంతా పగలబడి నవ్వింది.
సారు కూడా.
ఆ కండ్లు తెరవని పిల్ల సంగతి మాత్రం
ఎవురూ అడగలేదు.

అసలా మాట యాడ్నించి వచ్చిందంటే
తలకొకటి చెప్పినారు.
గుమాస్తా దశరథ మొదలియారు:
"అరవం నుంచేమే. చెప్పేది జాస్తయితే సొల్లే కదా!"
కాఫీ హోటలు కుప్పుసామి ఒప్పుకోలేదు:
"చంటిబిడ్డ గడ్డం మీద జారే చొంగ ఉండాదే, అది సొల్లు.
పనికిరాని మాటా అట్లే కారతాది,
తుడిచేవాళ్ళు లేక."
నాయన ఏమీ అన్లేదు.
ఆయన చూసిన బేరాలన్నీ తువ్వాలు కింద,
వేళ్ళు వేళ్ళని పట్టుకుని.
మామిడి కాలమంతా
నోరు మెదపకుండా లారీలు నిండేవి.

తర్వాత కాట్పాడి హాస్టల్లో
నన్ను ‘గొల్టి’ అన్నారు.
రాత్రి పడుకుని తిరగేసి చూస్తే
అది తెలుగే.
చొక్కా లోపలిది బయటికి తొడుక్కున్నట్టు,
కుట్లన్నీ కనపడతా.

గుడిపాల అవతల నేను సొల్లు.
గుడిపాల ఇవతల అమ్మ సొల్లు.
చెక్‌పోస్టు కాడ
బెల్లం లారీ ఆపి, పట్టా విప్పి,
బస్తాకి కమ్మీ గుచ్చి చూస్తారు గానీ
ఇటు దాటొచ్చే మాటని ఆపి
సరుకు యాడ దించేసినావని
అడిగినోడు లేడు.

మొన్నటికి నా కూతురికి ఆరు నెలలు.
అమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని
"సొల్లు, సొల్లుమ్మా" అంటా ఉండాది.
బిడ్డ పిడికిళ్ళు బిగించింది,
బోసి నోరు తెరిచింది.
ముందు చొంగ జారింది.
దాని వెనకే ఒక చప్పుడు,
ఏ భాషదో ఇంకా తేలనిది.

అమ్మ కొంగుతో గడ్డం తుడిచి
ఇంకొంచెం వొంగి
"అప్పురం?" అనింది,
ఆ పైన ఏమైందో చెప్పమని.