ఒక స్టేషను అవతల

మొదటి రాత్రి షిఫ్టు దిగి
రైలు బొమ్మ ఉన్న బాణం వెంట పోబోతుంటే
లోసలీన్ నా చొక్కా వెనక పట్టి లాగింది.
"అటు కాదు, అది ఎగిరేవాళ్ళ దారి.
మనం తుడిచేవాళ్ళం. నడుద్దాం పద."

లెక్క కూడా తనే చెప్పింది,
తడిగుడ్డ పిండినట్టు ఒక్కో అంకె మెలిపెట్టి:
రైలుకి నాలుగు డాలర్లు.
ఆ రైలు ఆగేచోట గేటు దాటినందుకు
ఇంకో పదిహేడు.
కార్డు ఆనిస్తే కిచ్‌మంటుంది, అంతే.
పిట్ట కొంచెమే,
కూత మాత్రం మన ముప్పావుగంట నడుంనొప్పి.

అంతర్జాతీయ టెర్మినల్ వెనక నుంచి
అద్దెకార్ల షెడ్లు దాటి
కుక్స్ నది వంతెన ఎక్కి దిగితే
వొల్లై క్రీక్.
అదే పట్టాలు, అదే రైలు, అవే నీలం సీట్లు.
గేటు ఒక్కటే మామూలు గేటు.
ఇరవయ్యారు నిమిషాలు,
ఆమె మోకాలు మాట వింటే.

పదకొండు దాటాక సిడ్నీ ఆకాశానికి సెలవు.
చప్పుడంతా కిందికి దిగుతుంది,
మా బూట్లలోకి, మడచెట్ల బురదలోకి.
లగేజీ తూచే బ్రాంకా,
కాఫీ కొట్టు కట్టేసి వచ్చే థావ్,
పేరు చెప్పని ఒక సెక్యూరిటీ ముసలాయన,
ఒకరి వెనక ఒకరం, చీమల బారులా.
ఒక్కోసారి ఎక్కడో ఈ కిటుకు విన్న ప్రయాణికుడొకడు
చక్రాల పెట్టె టకటకలాడించుకుంటూ కలుస్తాడు.
వంతెన దిగువ రాతిపలక ఒకటి ఊగుతుంది.
అక్కడికి రాగానే లోసలీన్
అడక్కుండానే అతని పెట్టె ఎత్తి అవతల పెడుతుంది.
అతను థాంక్స్ అనేలోపు
మళ్ళీ ముందు నడుస్తుంటుంది.

నాకు మండేది. దారిదోపిడీ కాదా ఇది, అనేవాణ్ణి.
మా ఊళ్ళో స్టేషనంటే నీడకి నిలబడే చోటు, అనేవాణ్ణి.
ఆమె వినేది, నవ్వేది.
"మా దీవిలో దొర ముందు నుంచి పోవాలంటే వంగాలి.
ఇక్కడ వంగక్కర్లేదుగా. ఇస్తే చాలు.
ఇవ్వకపోతే ఇదిగో, చుట్టూ తిరగాలి.
గాలి బావుంది కదా, తిరుగు."

గాలి రోజూ బావుండేది కాదు.
జూలై వానలో మెడ మీదుగా నీళ్ళు వీపులోకి కారుతుంటే
నేనే కడతాను ఇద్దరికీ, రా, అన్నానొకసారి.
ఆగి, నా మొహంలోకి చూసి,
"నీకు జీతం పెరిగిందా?" అంది.
పెరగలేదు.
నడిచాం.

నడిచిన రాత్రికి పదిహేడు చొప్పున
వేరే ఖాతాలో వేస్తోందని నాకు చాన్నాళ్ళు తెలీదు.
దాటని గేట్లన్నీ కలిసి
తొమ్మిదేళ్ళ తర్వాత వావావుకి టికెట్టయ్యాయి.

వెళ్ళే రోజు
టెర్మినల్ అద్దాలు తుడుస్తూ చూస్తున్నాను.
వంతెన వైపు నుంచి వస్తోంది
చంకలో చుట్టిన చాప, చేతిలో తాడు కట్టిన పెట్టె,
చెమటకి తడిసిన పూలగౌను.
"ఇవాళైనా రైల్లోంచి నేరుగా దిగొచ్చుగా,
ఇవాళ నువ్వూ ఎగిరేదానివే కదా!"
ఊపిరి కూడదీసుకుని అంది:
"పెట్టెకి దారి తెలియాలి కదా."

చెకిన్ వరసలో నిలబడి
తన కార్డు నా జేబులో కుక్కింది.
నాలుగు డాలర్ల అరవై సెంట్లున్నాయి.
ఈ ఊళ్ళో చాలా చోట్లకి చాలు.
ఇక్కడ గేటుకి మాత్రం చాలవు.

ఆ కార్డు ఇంకా వాడలేదు.
అలంకారానికేం కాదు, మర్చిపోతుంటాను,
నా కార్డే తీసి ఆనిస్తాను వొల్లై క్రీక్‌లో.

నిన్న కొత్తగా చేరిన కుర్రాడు,
ఖోవా అట, మంగోలియా,
బాణం వెంట పోతుంటే
చొక్కా పట్టి లాగాను.
లెక్క సగం చెప్పాను. మిగతాది చలికి మర్చిపోయాను.
వంతెన దిగుతుంటే మాత్రం గుర్తొచ్చి అన్నాను:
ఆ పలక మీద కాలెయ్యకు,
ఊగుతుంది.