ఒక్క దీర్ఘం

గ్రిమ్స్‌బీ, ఫ్రీమన్ స్ట్రీట్. నవంబరు.
రేవు నుంచి చేపల వాసన మోసుకొచ్చే గాలి
మా షాపు ముందు కాసేపు ఆగి పోతుంది.

అద్దంలో రెండు పెట్టెలు.
నల్లదాని వెనక నిలువెత్తు పోస్టరు:
మంచులో ఒక ఆడమనిషి, భుజమ్మీద గద్ద.
తెల్లదాని మీద నేనే రాసి అంటించిన పసుపు చీటీ:
నలభై పౌన్లు తగ్గింపు.

గద్ద ఆట విడుదలైన రాత్రి
పన్నెండు కొట్టకముందే క్యూ బస్టాపు దాటింది.
ఐసు ఫ్యాక్టరీ నుంచి డెస్మండ్
రబ్బరు బూట్లయినా విప్పకుండా వచ్చి నిలబడ్డాడు.
వారం తిరిగేసరికి వీధంతా అదే మాట.
తెల్లపెట్టెకి ఆటలే లేవట.
గంటాడితే కాలిపోతుందట.
ఆ కంపెనీ ఇక మూసేస్తుందట.
ఎవరు చూశారయ్యా అంటే ఎవరూ చూళ్ళేదు.
ఒక కుండలో మెతుకు పట్టి చూసి
పక్క కుండ ఉడకలేదన్నారు.

మా భాషలో ఆటకీ అటకీ
ఒక్క దీర్ఘమే తేడా అని
కిర్‌స్టీకి చెబుదామనుకున్నాను.
బిల్లు కొడుతోంది. ఊరుకున్నాను.

ఫిబ్రవరిలో మిసెస్ బ్లాంచర్డ్ వచ్చింది,
స్నానాల తువ్వాల్లో చుట్టిన తెల్లపెట్టెతో.
"మనవడు బళ్ళో తలెత్తుకోలేకపోతున్నాడు.
ఇది చెడిపోలేదు బాబూ, బాగానే ఉంది" అంది,
ఎవరి గురించో సిఫార్సు చేస్తున్నట్టు, గొంతు తగ్గించి.
ఇరవై రెండు పౌన్లిచ్చాను.

పనిచేస్తుందో లేదో చూడాలి కదా,
వైర్లు తగిలించాను.
మూడేళ్ళుగా అమ్ముతున్నాను.
వెలిగించడం ఇదే మొదలు.

నీళ్ళు. నిజంగా తడిగా ఉన్న నీళ్ళు.
దీవుల మధ్య మనుషుల్ని దాటించే చిన్న పడవ,
దానికి ఆ పిల్లాడు ఎర్రరంగు వేసుకున్నాడు.
మూలన లెక్క: రెండొందల పద్నాలుగు గంటలు.
చివరిసారి ఆపేముందు
పడవని రేవుకి కట్టి, తాడు బిగించి,
లాంతరు వెలిగించి మరీ వెళ్ళాడు.
"పాతవన్నీ చెరిపేయమంటారా?" అని అడుగుతోంది తెర.

వేలు బటన్ మీదే ఉంది.
అద్దం దగ్గర స్కూలు బ్యాగుతో ఒక కుర్రాడు,
చెవుల దాకా టోపీ.
"ఆ తెల్లదానికి మంచి ఆటలున్నాయా?"

నోటికి అలవాటు.
"పెద్దగా లేవట" అన్నాను.

నా వెనక పడవ కూత వేసింది.